లీకు ఉన్న చోటు

ఆ ఫ్యాక్టరీలో పేరున్న ముక్కులు రెండు. ఒకటి యంత్రానిది, రెండోది దాన్ని పట్టుకుని కూర్చునే ఆవిడది. యంత్రం ముక్కు పెన్సిలంత సన్నగా నల్లటి తీగ చివర ఉంటుంది. ఆవిడ ముక్కు మామూలు ముక్కే. అయినా పదకొండేళ్లుగా ఆ పరీక్ష బల్ల ఆవిడదే కాబట్టి అందరూ ముక్కమ్మ అంటారు. ఆవిడ అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి, ఎవరినబ్బా అని చూస్తుంది.

అక్కడ తయారయ్యేవి రాగి గొట్టాల కాయిళ్లు. ఆసుపత్రుల్లో టీకా మందులు దాచే చల్లపెట్టెల వెనక అమరుస్తారు. ఒక్కో కాయిల్‌కి పదహారు అతుకులు. వాటిలో ఒక్కటి కారినా ఆరు నెలలకి పెట్టె చల్లబడడం మానేస్తుంది, లోపలి మందు నీళ్ల కింద లెక్క. అందుకని ప్రతి కాయిల్‌లోనూ గ్యాసు నింపి పరీక్ష చేస్తారు. అందులో తొంభై అయిదు పాళ్లు నైట్రోజన్, అయిదు పాళ్లు హైడ్రోజన్. ఆ పాళ్లలో అది అంటుకోదు, పేలదు. కానీ హైడ్రోజన్ కంటే తేలికైన వాయువు ఈ సృష్టిలో లేదు కనుక, నీళ్లూ నూనే దూరలేని సందులోంచి కూడా బయటికొచ్చేస్తుంది. రంగు లేదు, వాసన లేదు, మనిషి ముక్కుకి అందదు. యంత్రం ముక్కుకి మాత్రం అందుతుంది. అతుకు మీదుగా దాన్ని నెమ్మదిగా తిప్పితే, ఏమీ లేకపోతే ఊరుకుంటుంది, ఉంటే ఎర్రదీపం వెలిగి "క్వీక్" అంటుంది. ఊరుకున్న కాయిల్‌కి ఆకుపచ్చ స్టిక్కరు. క్వీక్‌మన్నది ఎర్ర తొట్టిలోకి.

ఆ అతుకులన్నీ వేసేది ముక్కమ్మ బావ, అంటే సొంత అక్క మొగుడు. ఇరవై రెండేళ్లుగా అతుకులేసే గ్యాసు టార్చి పట్టుకున్న చెయ్యి. మంట నీలిరంగు చూసి వేడెంతో చెప్పేయగలడు. తను అతికిన కాయిల్‌కి మరదలు స్టిక్కరు అంటిస్తుంటే, "ఇంకాస్త గట్టిగా అంటించు, నీ స్టిక్కరే లీకయ్యేలా ఉంది," అని ఏడిపించడం ఆయనకి రోజూ ఉన్న వినోదం. వారానికి రెండో మూడో కాయిళ్లు ఎర్ర తొట్టిలో పడేవి. ఆయన తిట్టుకుంటూ తీసుకెళ్లి సరిచేసేవాడు. అందరూ కడుపులో చల్ల కదలకుండా ఉన్నారు.

అలాంటి చోటికి సున్నా సారు వచ్చాడు. నాణ్యత చూసుకునే కొత్త అధికారి. కుటుంబాన్ని పాత ఊళ్లోనే ఉంచి, ఒంటరిగా గది తీసుకుని చేరాడు. వచ్చిన రోజే గోడ మీద పెద్ద సున్నా గీయించి, "మన లక్ష్యం ఇదే. తప్పులు సున్నా," అన్నాడు. పేరు అప్పుడే ఖాయమైపోయింది. మనిషి సన్నం, ముఖం ఎప్పుడూ చిటపటలాడుతూ ఉండేది. కొత్త నియమాలు రెండు పెట్టాడు. ముక్కు ఒకసారి క్వీక్‌మన్న కాయిల్‌ని మళ్లీ పరీక్షించకూడదు. రిజిస్టరులో "లీకు ఉన్న చోటు" అనే గడిని ఎప్పుడూ ఖాళీగా వదలకూడదు.

మొదటి వారం ఆయన తన గదిలో కాగితాలు చూసుకున్నాడు. రెండో వారం నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చి ముక్కమ్మ వెనక నిలబడడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పటినుంచే ముక్కు పిచ్చెత్తినట్టు అరవసాగింది. పొద్దున్నంతా బుద్ధిమంతురాలు. రెండు దాటిందంటే క్వీక్, క్వీక్. రోజుకి తొమ్మిదో పదో కాయిళ్లు ఎర్ర తొట్టిలోకి. ఏ అతుకు దగ్గరని రాయాలో తెలియదు, ఎందుకంటే ఒకసారి మూడో అతుకు దగ్గర అరిచి, ముక్కు వెనక్కి లాగితే ఊరుకుని, గాల్లో పెడితే మళ్లీ అరిచేది. పదకొండేళ్లలో మొదటిసారి ముక్కమ్మ రిజిస్టరులో గడులు ఖాళీగా ఉండిపోయాయి.

సోమవారం సున్నా సారు ఇద్దరినీ పిలిచాడు. "శుక్రవారం కొనుగోలుదారు తరఫు తనిఖీ అధికారి వస్తున్నారు. ఈలోగా తేలాలి. అతుకులైనా చెడి ఉండాలి, పరీక్షైనా చెడి ఉండాలి."

"నా అతుకులా," అన్నాడు బావ.

"మరి యంత్రాన్ని మొన్ననే సరిచూశారు. కాబట్టి శుక్రవారం దాకా చూసి, ఇలాగే ఉంటే మిమ్మల్ని ప్యాకింగులోకి మారుస్తాను. టార్చి ఇంకొకరికి ఇస్తాను," అని సున్నా సారు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, పళ్లు బిగించి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

బావ బెంచీ దగ్గరికి వెళ్లి, అప్పటికే శుభ్రంగా ఉన్న టార్చిని మళ్లీ తుడిచాడు. ప్యాకింగంటే అట్టపెట్టెలకి టేపు అంటించడం. అక్కడ ఏ మంటా ఉండదు.

ఆ సాయంత్రం ముక్కమ్మ మెట్లెక్కి పై వాటాలో ఉండే అక్క దగ్గరికి వెళ్లింది. అక్క గుమ్మంలోనే నిలబెట్టేసింది.

"ఏమే, మీ బావ చేతిపనికి నువ్వే ఎర్రదీపం వెలిగిస్తావా? ఆ ముక్కుని కాస్త అటు తిప్పుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"అటు తిప్పితే రేపు ఎవరి పిల్లకో పాడైన మందు ఎక్కిస్తారక్కా. అది నా వల్ల కాదు."

"అంటే ఆయన అతుకులు చెడ్డవే అంటావు."

"నేననట్లేదు, అది అంటోంది."

అక్క వెనకనుంచి బావ గొంతు వినిపించింది. "మరదలా, నా అతుకు ఏనుగు లాగినా ఊడదు."

"ఏనుగుతో నాకేం పని బావా, నా గ్యాసు చీమ కాలి కంటే సన్నం."

అక్క తలుపేసేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే బావ చేతిలో టార్చి పోతుంది, అబద్ధం చెబితే పదకొండేళ్ల తన పని మీద తనే ఉమ్మేసుకున్నట్టు. ముక్కమ్మకి ఆ రోజు అన్నం సయించలేదు.

మంగళవారం షిఫ్టు గంట కొట్టకముందే వచ్చి, నియమాన్ని గోడ మీది సున్నాకి వదిలేసి, ఎర్ర తొట్టిలోంచి అయిదు కాయిళ్లు తీసి మళ్లీ పరీక్షించింది. ఒక్కటీ క్వీక్‌మనలేదు. అంటే బావ అతుకులు మంచివే. ఇక యంత్రాన్ని పట్టింది. దానికి సరిచూసే సీసా ఒకటుంది, కొలిచి చేసిన సన్నటి చిల్లుతో. ముక్కు దాని దగ్గర పెడితే ఎంత అరవాలో అంతే అరిచింది. ముక్కూ మంచిదే. ఆడలేక మద్దెల ఓడు అనడానికి కూడా వీల్లేదు, ఇక్కడ ఆటా బాగుంది, మద్దెలా బాగుంది.

మధ్యాహ్నం రెండు దాటింది. ఆవిడ ముక్కుని కొక్కేనికి తగిలించి, పాత కాయిల్ దింపేసి, కొత్తది తీసుకోబోతోంది. సున్నా సారు భుజం మీదుగా వంగి, "సున్నా రావాలమ్మా, సున్నా," అన్నాడు.

క్వీక్.

ముక్కమ్మ బల్ల వైపు చూసింది. బల్ల మీద ఏమీ లేదు.

"చూశారా, మళ్లీ," అన్నాడు సారు.

క్వీక్.

"కాయిల్ ఇంకా పెట్టలేదు సార్."

"అయితే పెట్టండి, ఎందుకు ఆలస్యం?"

క్వీక్.

ముక్కమ్మ యంత్రం వైపు చూసింది. సారు వైపు చూసింది. సారు నోటి వైపు చూసింది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు కాయిల్ పెట్టింది.

టీ విరామంలో యంత్రంతో వచ్చిన పుస్తకం తీసింది. జిడ్డు పట్టిన ఆ పుస్తకాన్ని చివరి పేజీదాకా ఎవరూ చదివి ఉండరు. చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: తిన్నది అరగక పేగుల్లో పుట్టే వాయువులో హైడ్రోజన్ ఉంటుంది, కొందరికి ఊపిరిలోనూ వస్తుంది, పరీక్ష చేసే చోట ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ముక్కమ్మ రెండుసార్లు చదివింది. మూడోసారి చదవలేకపోయింది. కోటు అంచు నోట్లో కుక్కుకుని, స్టిక్కర్ల చుట్ట మీద తల పెట్టి, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వింది.

చేతులు కడిగే పంపు దగ్గర బావకి చెప్పింది. ఆయన మొదట నమ్మలేదు. నమ్మాక పంపు కట్టేయడం మరిచిపోయాడు.

"అంటే, ఇన్నాళ్లూ లీకైంది సారా?"

"మెల్లిగా బావా."

"మెల్లిగా ఎందుకు? ఫ్యాక్టరీ అంతా దండోరా వేయిస్తా. నా అతుకులకి ఎర్రదీపం పెట్టించి, తను..."

"ఆయన పరువు పోతే ఆయన మన మొహం చూస్తాడా? పైగా ముందు రుజువు కావాలి. నువ్వు రా, ఊదు."

"నేనెందుకు?"

"మనిషన్న ప్రతివాడికీ వస్తుందా, ఆయనకేనా అని తేలాలిగా."

బావ బల్ల దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, పరీక్ష రాసేవాడిలా భయపడుతూ ముక్కు మీద ఊదాడు. యంత్రం ఊరుకుంది. ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "చూశావా, నా కడుపుకి కూడా అతుకు నేనే వేసుకున్నాను."

బుధవారం ముక్కమ్మ జీవితంలో బాగా సరదాగా గడిచిన రోజుల్లో ఒకటి. మధ్యాహ్నం సారు రాగానే, "నిలబడితే కాళ్లు లాగుతాయి సార్," అని కిటికీ దగ్గర పది అడుగుల దూరంలో కుర్చీ వేసింది. ఇరవై నిమిషాలు యంత్రం నోరెత్తలేదు. "సార్, ఈ అంకె సరిగ్గా కనబడట్లేదు, ఒకసారి వచ్చి చెప్పరా?" అంది. వచ్చి చెప్పాడు. క్వీక్. మళ్లీ కుర్చీ, మళ్లీ నిశ్శబ్దం. ఫ్యాను తన వైపునుంచి ఆయన వైపు తిప్పి ఏదో అడిగితే అరవలేదు. ఆయన వైపునుంచి తన వైపు తిప్పి అదే అడిగితే అరిచింది. చిన్న ప్రశ్న వేస్తే చిన్న క్వీక్. "అసలు సున్నా తప్పులంటే ఏమిటి సార్, కొంచెం వివరంగా చెప్పండి," అంటే అది పోలీసు బండిలా మోగింది. స్టిక్కర్ల కాగితం వెనక గీతలు పెట్టుకుంటూ పోయింది. పద్నాలుగు సార్లు పిలిస్తే పద్నాలుగు గీతలు.

పదిహేనోసారి పిలుద్దామని తల తిప్పేసరికి ఆయన కుర్చీలో లేడు. పంపు గట్టు పట్టుకుని వంగి నిలబడ్డాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. పక్కన ఖాళీ పాలసీసా, లీటరుది. వంట చేసుకోవడం రాని మనిషి, ఒంటరి గది, పొద్దున పాలు, మధ్యాహ్నం పాలు, రొట్టెముక్క. ఆ చిటపటలు కోపం కాదు, కడుపునొప్పి. ముక్కమ్మకి నవ్వు పోయింది. పాపం అనిపించింది, తన మీద తనకి కాస్త సిగ్గు కూడా వేసింది. ఆ కాస్తసేపే.

సాయంత్రం ఆయన గది ఖాళీగా ఉన్నప్పుడు ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి వచ్చింది. చివరి పేజీ తెరిచి, ఆ వాక్యం పక్కన ఆకుపచ్చ స్టిక్కరు అంటించింది. పిల్లి మెడలో గంట కట్టాల్సిన పని లేకుండా, గంటని పిల్లి ముందే పెట్టేసిందన్నమాట.

గురువారం సున్నా సారు బల్ల దరిదాపులకి రాలేదు. తలుపేసుకుని గదిలోనే కూర్చున్నాడు. ఆ రోజు ఎర్ర తొట్టిలో ఒక్క కాయిల్ పడలేదు. అయితే బావని ప్యాకింగుకి మారుస్తానన్న మాట కూడా ఆయన వెనక్కి తీసుకోలేదు. పుస్తకం చదివిన మనిషి, తను దూరంగా ఉంటే సరిపోతుంది, విషయం దానంతటదే సద్దుమణుగుతుంది అనుకున్నట్టున్నాడు. పోయేది మాత్రం బావ టార్చి.

"ఇక దండోరానే," అన్నాడు బావ.

"రేపు మధ్యాహ్నం దాకా ఆగు," అంది ముక్కమ్మ. ఏం చేయాలో ఆవిడకీ తెలియదు. మర్నాడు పొద్దున్నే వచ్చి తొట్టిలో మిగిలినవన్నీ పరీక్షించి పెట్టుకుంది, అంతే.

శుక్రవారం రెండున్నరకి మేనేజరమ్మ, తనిఖీ అధికారి వచ్చారు. ఆయన పెద్దవాడు, మితభాషి. వచ్చీ రాగానే రిజిస్టరు తెరిచాడు. వేలు ఒక గడి దగ్గర ఆగి, కిందికి జారుతూ పోయింది.

"డెబ్భై ఒక్క కాయిళ్లు. లీకు ఉన్న చోటు ఖాళీ. డెబ్భై ఒక్కసార్లు ఖాళీ."

మేనేజరమ్మ గది వైపు తిరిగి, "సార్, మీరొచ్చి చెప్పండి," అంది. సున్నా సారు గుమ్మంలోంచే, "నేను ఇక్కడినుంచి చెబుతాను మేడం," అన్నాడు. "అంత దూరంనుంచి వినబడదు, రండి," అందావిడ. ఆయన వచ్చాడు. బల్లకి మూడడుగుల దూరంలో, పక్కకి తిరిగి, పెదవులు కదిలీ కదలకుండా మాట్లాడసాగాడు. తన వెనకే ఫ్యాను తిరుగుతోందని చూసుకోలేదు. గాలి ఆయన మీదుగా సరిగ్గా బల్ల వైపే వీస్తోంది.

"అతుకుల్లో లోపం ఉన్నట్టు..."

క్వీక్.

తనిఖీ అధికారి బల్ల వైపు చూశాడు. బల్ల మీద కాయిల్ లేదు.

"మన లక్ష్యం సున్నా కాబట్టి..."

క్వీక్.

బావ ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాడు. ముక్కమ్మ ఆయన బూటు మీద తన బూటు మోపి నొక్కింది. ఆ నోరు అలాగే మూసుకుంది.

"మేడం, నేను ఒక నియమం తప్పాను," అంది ముక్కమ్మ. "డెబ్భై ఒక్క కాయిళ్లూ పొద్దునపూట మళ్లీ పరీక్ష చేశాను. అన్నీ మంచివే. అతుకుల్లో లీకు లేదు. యంత్రాన్ని సీసాతో సరిచూశాను, దాంట్లో తప్పు లేదు. మధ్యాహ్నంపూట గాల్లోకి ఎక్కడినుంచో హైడ్రోజన్ వస్తోంది. అంతే."

"ఎక్కడినుంచి?" అంది మేనేజరమ్మ.

ఇదే ముక్కమ్మ రెండు రోజులుగా ఆలోచించిన ప్రశ్న. చెబితే ఒక మనిషిని ముక్కూ మొహం తెలియని పెద్దాయన ముందు నగ్నంగా నిలబెట్టినట్టు. చెప్పకపోతే బావ రేపు అట్టపెట్టెల దగ్గర. బావ చేతి సంచీలో టార్చి మూతి బయటికి కనబడుతోంది. ఇంటికి తీసుకెళ్లడానికి తుడిచి మరీ పెట్టుకున్నాడు.

"అది రాయడానికి నాకు తగిన మాట దొరకలేదు మేడం," అంది. అబద్ధం కాదది. అలాగని సున్నా సారు వైపు చూడనూ లేదు.

ఎవరూ చూడలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు సున్నా సారే నోరు విప్పాడు.

"నేను పాలు తప్ప ఏమీ తాగలేదు."

క్వీక్, అంది యంత్రం, చాలాసేపు.

మేనేజరమ్మ పెన్ను కింద పడితే వంగి చాలాసేపు వెతుక్కుంది. పెన్ను కాళ్ల దగ్గరే ఉంది. బావ సీలింగులో దీపాలు లెక్కపెట్టసాగాడు. తనిఖీ అధికారి మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు, తుడవడానికి వాటి మీద ఏమీ లేదు.

సున్నా సారు చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క అడుగు వెనక్కి వేశాడు. గది తలుపు దగ్గరే ఉంది, వెళ్లి వేసుకోవచ్చు. ఆయన గోడ మీది సున్నా వైపు చూశాడు, బావ సంచీ వైపు చూశాడు. తర్వాత బల్ల దగ్గరికొచ్చి రిజిస్టరు తన వైపు తిప్పుకుని, ముక్కమ్మ చేతిలోంచి పెన్ను తీసుకుని, మొదటి ఖాళీ గడిలో ఒక్క మాట రాశాడు. కింద డెబ్భై గడుల్లోనూ "పైదే" అని గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. చివర సంతకం చేశాడు. అంతసేపూ ఊపిరి బిగబట్టే ఉన్నాడు, యంత్రం ఒక్కసారీ అరవలేదు.

ముక్కమ్మ వంగి చదివింది. లీకు ఉన్న చోటు: పర్యవేక్షణ.

తనిఖీ అధికారి కూడా చదివాడు. ఇద్దరిలో ఎవరి పెదవి ముందు వంకరపోయిందో చెప్పలేం. "మా దగ్గర కూడా లీకులు ఎక్కువగా అక్కడే," అని ఆయన రిజిస్టరు మూసి మేనేజరమ్మకి ఇచ్చాడు. "కాయిళ్లు పంపించండి."

"మీరు మీ బెంచీ దగ్గరికి వెళ్లండి," అన్నాడు సున్నా సారు బావతో, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. బావ సంచీలోంచి టార్చి తీశాడు. ఏడిపించడానికి లక్ష మాటలు నాలుక చివర ఉన్న మనిషి, ఒక్కటీ వాడకుండా, "అలాగే సార్," అని వెళ్లి మంట వెలిగించాడు. ఆ సాయంత్రం అక్క తనే మెట్లు దిగి వచ్చి, ముక్కమ్మ చెవి మెలిపెట్టి, పైకి భోజనానికి లాక్కెళ్లింది.

సోమవారం సున్నా సారు రాలేదు. మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి వచ్చి, బల్లకి పది అడుగుల దూరంలో ఆగాడు.

"డాక్టరు దగ్గరికి వెళ్లానమ్మా. పాలు తాగించి, అరగంటకోసారి గొట్టంలో ఊదమన్నారు. ఊపిరిలో హైడ్రోజన్ కొలుస్తారట. వాళ్ల దగ్గర కూడా ఒక ముక్కుంది."

"ఏమంది సార్?"

"మీదానికంటే గట్టిగా అరిచింది." ఆయన ముఖంలో మొదటిసారి చిటపటలు లేవు. "నాకు పాలు అరగవట. ఎప్పటినుంచో ఈ నొప్పితోనే ఉన్నాను, నా స్వభావమే ఇంత అనుకున్నాను. నిన్నటి ఆ పరీక్ష తర్వాత మళ్లీ పాలు ముట్టలేదు."

ముక్కమ్మ కొక్కెం మీదినుంచి ముక్కు తీసి ఆయన వైపు చాచింది. సున్నా సారు అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చి, వంగి, దీర్ఘంగా ఊదాడు. అతుకుల బెంచీ దగ్గర బావ మంట తగ్గించి మరీ చెవి రిక్కించాడు. యంత్రం ఊరుకుంది.

"ఏమంటోంది?" అన్నాడు సారు గుసగుసగా.

ముక్కమ్మ చుట్టలోంచి ఒక ఆకుపచ్చ స్టిక్కరు ఊడదీసి, ఆయన చొక్కా జేబు మీద అంటించి, బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఆయన సాయంత్రం ఇంటికి వెళ్లేదాకా దాన్ని తీయలేదు.